గంగమ్మ సీసా

ఆదివారం పూట ఊళ్ళో మందు అమ్మకూడదని మా పేట తీర్మానం చేసిన నాడు అందరికంటే ముందు చెయ్యెత్తింది నా కోడలు తులసి. ఊళ్ళో మందు అమ్మేదాన్ని నేనొక్కదాన్నే. ఇంక ఆ తీర్మానం ఎవరి కోసమో వేరే చెప్పక్కర్లేదు.

నా పేరు లక్ష్మణమ్మ. శ్రీకూర్మం దాటి సముద్రం వైపు వస్తే మా పేట తగుల్తుంది. పాతికేళ్ళు చేపల గంప మోశాను. మెడ నరం పట్టేసి, తల పక్కకి తిప్పాలంటే ఒళ్ళంతా తిప్పాల్సి వచ్చాక, కూర్చుని చేసే పని ఏముందా అని చూసుకుంటే ఇదొక్కటే కనబడింది. రోడ్డు మీది వైన్‌షాపు నుంచి ఆటోలో పెట్టెలు దింపించుకుని, వంటింటి వెనక కిటికీలోంచి అమ్మేదాన్ని. బెల్టు షాపు అంటారు దాన్ని. తప్పని నాకు తెలీక కాదు.

గొడవ మొదలైంది మొన్న ఉగాది వెళ్ళిన తర్వాతి ఆదివారం. ధనరాజు, శివాజీ ఇద్దరూ నా కిటికీ దగ్గరే తాగారు. ఒకడి కంచంలో ఒకడు చెయ్యి పెట్టి తినే స్నేహం వాళ్ళది. ఒడ్డుకి పోయి, వల ఎవడు చింపాడన్న మాట మీద పట్టుకున్నారు. ధనరాజు తెడ్డు తీశాడు. శివాజీ ఎడమ కన్ను పోయింది. వాడు నా కొడుకు హరిబాబు పడవ మీదే కళాసీ.

వారం తిరక్కుండా ఆడవాళ్ళంతా ఊరిని తుపాను షెల్టరు దగ్గర కూర్చోబెట్టారు. మా ఊరిపెద్ద గంగులు మెట్టు మీద నిలబడ్డాడు. వరసకి నాకు మరిది.

"కన్ను పోతే నా మీద పడతారేటి?" అన్నాను నేను. "సీసా నాది గానీ తెడ్డు నాది కాదు."

"తెడ్డు నీది కాదొదినా. ఆదోరం మాత్రం ఊరందరిది. ఆరు రోజులు నీ ఇష్టం. శనోరం దీపాలెట్టిన కాడ్నించి సోమారం తెల్లారీదాకా ఈ పేటలో సీసా అమ్మకూడదు."

"అమ్మితే ఏటి సేస్తావు?"

"నానేటీ సెయ్యను. అమ్మినోళ్ళ పడవకి ఊరు సెయ్యెయ్యదు. ఊరు మన్నించీదాకా అంతే."

బయటివాళ్ళకి ఈ మాట బరువు తెలీదు. మా ఒడ్డున ఇసుక మెత్తన. ట్రాక్టరు దిగబడిపోతుంది. ఫైబరు పడవని ఇంజనుతో సహా నీళ్ళలోకి తొయ్యాలన్నా, వేట నుంచి వచ్చాక పైకి లాగాలన్నా పదిహేను ఇరవై మంది పట్టాలి. అందుకని మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఒడ్డున ఎవరున్నా, వాళ్ళు పగవాళ్ళే అయినా, పడవ కదుల్తోందంటే వచ్చి చెయ్యి వెయ్యాలి. అడగక్కర్లేదు, పిలవక్కర్లేదు. ఆ చెయ్యి పడకపోతే పడవ ఇసుకలో పడి ఉన్న దుంగే.

నేను మాత్రం నవ్వాను. ఎందుకంటే రెండు రోజుల్లో వేట నిషేధం మొదలవుతోంది. ఏప్రిల్ పదిహేను నుంచి అరవై ఒక్క రోజులు ఏ ఇంజను పడవా నీళ్ళలో దిగదు. పడుకున్న పడవకి చెయ్యెందుకు? జూను వచ్చేసరికి ఎవడికి గుర్తుంటుందిలే అనుకున్నాను. ఊళ్ళో పుట్టి పెరిగి, ఊరికి మతిమరుపు ఉంటుందనుకున్నాను చూడండి, అదీ నా తెలివి.

మొదటి ఆదివారం నుంచే కిటికీ తెరిచాను. వేట లేక మగాళ్ళు ఒడ్డున పేకలు వేసుకుంటూ కూర్చున్నారు, బేరానికేం లోటు. మూడో వారం గంగులు మళ్ళీ పిలిపించాడు.

"అమ్మలేదు," అన్నాను. "ఇచ్చాను. సుట్టాలొచ్చి అడిగితే ఇయ్యకూడదేటి?"

"పేటంతా నీకు సుట్టాలే కదొదినా. ఇచ్చినా అమ్మినట్టే."

"అయితే రాసుకో నా పేరు."

"ఊరు రాసుకోదు. గుర్తెట్టుకుంతాది," అన్నాడు. అరవలేదు, బెదిరించలేదు. దాంతో నాకు ఇంకా ఒళ్ళు మండింది.

ఇంట్లో మాత్రం అప్పటికే చలి మొదలైంది. తులసి నాతో మాట్లాడ్డం మానేసింది. వేళకి వండేది, నా కంచంలో బువ్వ పెట్టేది, పిలవకుండా వెళ్ళిపోయేది. కంచం చప్పుడు విని నేనే వెళ్ళి తినాలి. అత్తగారినన్న మర్యాద ఏమైందే అని ఎన్నిసార్లు గొంతు లేపినా, తుడుచుకుంటున్న గిన్నె తుడుచుకునేది. తిట్టే కోడలితో వేగొచ్చు. మాట్లాడని కోడలు ఉంటే ఇల్లు ఇల్లులా ఉండదు. హరిబాబు మా ఇద్దరి మధ్యా ఉండలేక పగలంతా పడవ దగ్గరే ఉండేవాడు. గీకి, నునుపు చేసి, నీలం రంగు వేశాడు. అంచుకి పసుప్పచ్చ గీత గీశాడు.

మే నెల మధ్యలో ఒక ఆదివారం కిటికీ దగ్గరికి శివాజీ వచ్చాడు. కన్ను పోయాక వాణ్ణి నేను చూడ్డం అదే మొదలు. చూడ్డానికి వెళ్ళలేదు నేను, ఏ మొహం పెట్టుకుని వెళ్తాను. నల్లద్దాలు పెట్టుకున్నాడు.

"పిన్నీ, ఒక క్వార్టరియ్యి," అన్నాడు.

ఇచ్చాను. సీసా ఇక్కడుంటే వాడి చెయ్యి జానెడు అవతలే ఆగి మూసుకుంది. నేను వదిలేశాను. కింద రాతి మీద పడి పగిలింది.

"సూసి పట్టుకోవాలి కదరా," అనేశాను. 

అన్నాక నాలుక కరుచుకున్నాను. "ఒంటి కంటికి దూరం తెలవదు పిన్నీ," అని, ఇంకోటి అడక్కుండా వెళ్ళిపోయాడు. పెంకులు ఏరుతుంటే నాకు ఏడుపొచ్చింది. అయినా తర్వాతి ఆదివారమూ కిటికీ తెరిచాను. పంతం అలాంటిది.

జూను మొదటి వారంలో మంచం కింద సీసాల పెట్టె జరుపుతుంటే హరిబాబు సంచీ కనబడింది. రెండు చొక్కాలు, దుప్పటి, ఆధారు కార్డు జిరాక్సు. వాడు వచ్చేదాకా దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

"ఇదేటిరా?"

"పారాదీపు ఎల్తాను. అక్కడ పెద్ద బోటు మీదికి మనుషులు కావాలంట. పదారో తారీకు బండి, ఆమదాలవలసలో ఎక్కుతాను."

"ఇంట్లో పడవెట్టుకుని ఒకడి బోటు మీద కూలికి ఎల్తావేటి?"

"పడవుందమ్మా. సేతులు నేవు."

వాడు కోపంగా అని ఉంటే నేనూ నాలుగు అనేదాన్ని. కోపం లేదు. చూరు కింద కూర్చుని కాళ్ళకి అంటిన ఇసుక దులుపుకుంటున్నాడు.

"పదైదో తారీకు నిషేధం తీస్తారు. ఆ పొద్దు ఊరు సెయ్యేస్తే ఉంతాను. నేకపోతే మర్నాడు బండెక్కుతాను. తులసికి సెప్పీసినాను."

"నాకు సెప్పవా?"

"నువ్వు ఇనీదుంటే సెప్పీవోణ్ణే," అన్నాడు.

ఆ రాత్రి నాకు కన్ను మూత పడలేదు. వాళ్ళ నాన్న పోయాక వాణ్ణి పడవ అంచు పట్టించి నిలబెట్టింది నేను. పారాదీపు బోట్లెక్కినవాళ్ళు పండక్కి వస్తారు, నాలుగు రోజులుంటారు, వెళ్తారు. కొన్నాళ్ళకి పెళ్ళాం బిడ్డల్ని కూడా తీసుకుపోతారు. ఇంక నేను, నా కిటికీ, నా మెడా మిగుల్తాం.

ఎనిమిదో తారీకు ఆదివారం కిటికీ తెరవలేదు. ఒకరిద్దరు వచ్చి తట్టారు. "సరుకు నేదు, పో," అన్నాను లోపల్నించే. మంచం కింద పెట్టె నిండా ఉంది. కానీ లక్ష్మణమ్మ భయపడి మానేసిందని ఊరు అనుకోకూడదు కదా. గంగులు దగ్గరికి వెళ్ళి తప్పయిందని ఒక్క మాటంటే సరిపోయేది. రెండుసార్లు చెప్పులేసుకున్నాను కూడా. రెండుసార్లూ గుమ్మంలోంచే తిరిగొచ్చాను.

పదిహేనో తారీకు రానే వచ్చింది. అది కూడా ఆదివారమే అయి కూర్చుంది.

వేట తెరిచే రోజు మొదటి పడవ నీళ్ళు తాకకముందు ఒడ్డున గంగమ్మ రాయికి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, ఊరి తరఫున ఒక సీసా నీళ్ళ అంచున ఒంపుతారు. ఆ సీసా తేవడం ఊరిపెద్ద వంతు. గంగులు ఏటా నా దగ్గరే తీసుకునేవాడు.

ఇంకా వెలుగు పూర్తిగా రాలేదు. తులసి పొయ్యి ముట్టిస్తోంది. హరిబాబు ఒడ్డుకి వెళ్ళిపోయాడు. గుమ్మం పక్కన సంచీ ఉంది. వెనక కిటికీ మీద ఎవరో గోటితో కొట్టారు. తీస్తే గంగులు. వెనకాల ఇంకో ముగ్గురు ఇటు చూడనట్టు నిలబడ్డారు.

"వదినా, ఓ సీసా ఇయ్యి."

"ఏటి సీసా?"

"గంగమ్మకి."

నేను ఒళ్ళంతా తిప్పి కిటికీకి ఎదురుగా కూర్చున్నాను. "నిన్న పగలంతా ఏటి సేసినావు?"

గంగులు తలగోక్కున్నాడు. "నువ్వున్నావు కదా అనుకున్నాను."

నాకు ముందు నవ్వొచ్చింది. ఆదివారం అమ్మకూడదని ఊరే కట్టుబాటు పెట్టింది. ఆదివారం ఎలాగూ లక్ష్మణమ్మ అమ్ముతుందిలే అని అదే ఊరు ధీమాగా పడుకుంది. 

"రోడ్డు మీదికి పంపు ఎవర్నైనా."

"షాపు పదింటికి గానీ తియ్యరు. అందాకా ఆగితే గాలి మారిపోతాది. ముప్పై పడవలు ముక్కు నీళ్ళకెట్టి ఉన్నాయి."

"పేట మొత్తం మీద ఎవరింట్లోనూ నేదేటి?"

ఆ ముగ్గురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. రాత్రి తెచ్చిన సీసా తెల్లారేదాకా మిగిలే ఇల్లు మా పేటలో ఎక్కడుంది.

"ఈయాల ఆదోరం గంగులూ."

"అమ్మొద్దొదినా. ఊరికే ఇయ్యి."

"ఇచ్చినా అమ్మినట్టే. షెల్టరు మెట్టు మీద నిలబడి సెప్పింది నువ్వే."

గంగులు కిటికీ చువ్వలు పట్టుకుని దగ్గరికి వంగాడు. గొంతు తగ్గించాడు. "ఒక్క సీసా ఇయ్యి. హరిబాబు పడవకి ఊరు సెయ్యేస్తాది. నాను సెప్తాను. తప్పు తీసీసినట్టే."

నా చెయ్యి అప్పటికే మంచం కిందికి వెళ్ళింది. అబద్ధం చెప్పను. పెట్టె మూత లేపాను, సీసా మెడ చేతికి తగిలింది. ఒక్క సీసా. దాంతో సంచీ విప్పేస్తారు, బండి వెళ్ళిపోతుంది, కొడుకు ఉండిపోతాడు. ఇంతకంటే చవగ్గా కొడుకు దొరుకుతాడా?

పొయ్యి దగ్గర చప్పుడు ఆగింది. తులసి ఇటు తిరగలేదు. ఇవ్వమనలేదు, వద్దనలేదు. చేతిలో పుల్ల అలాగే పట్టుకుని ఉంది. పోయేది దాని మొగుడు కూడా.

అప్పుడు నాకు రాతి మీద పగిలిన సీసా గుర్తొచ్చింది. గాల్లో మూసుకున్న శివాజీ వేళ్ళు గుర్తొచ్చాయి. ఊరిపెద్ద తనంతట తనే ఆదివారం నా కిటికీకి వచ్చి సీసా పట్టుకెళ్తే, పై ఆదివారం మిగతావాళ్ళని ఆపేదెవరు? ఈసారి తెడ్డు కింద ఎవడి తల ఉంటుంది? హరిబాబు తలే కావచ్చు. నాకు భయం వేసింది. కొడుకు వెళ్ళిపోతాడన్న భయం ఒక పక్క, ఉంటే ఏమవుతాడోనన్న భయం ఒక పక్క.

పెట్టె మూత వేసేశాను.

"రేపు రా. సోమారం తెల్లారాక ఇస్తాను."

"వదినా, మళ్ళీ ఆలోసించుకో. పడవ ఇసకలో ఉండిపోతాది."

"రేపు రమ్మన్నాను కదా," అని కిటికీ మూశాను. ఎంత పని చేశానురా భగవంతుడా అనుకున్నాను. మళ్ళీ తెరిచి పిలుద్దామా అని గడియ మీద చెయ్యి వేశాను. వెయ్యడమే అయింది, తియ్యలేదు.

నేను ఒడ్డుకి చేరేసరికి గంగమ్మ రాయి చుట్టూ జనం మూగి ఉన్నారు. సీసా లేదన్న మాట అప్పటికే అందరికీ పాకింది. లక్ష్మణమ్మ ఇవ్వనందిట అని ఒకడు, ఇప్పుడా దానికి నీతి గుర్తొచ్చింది అని ఇంకొకడు. సీసా ఒంపకుండా పడవ దింపితే అమ్మ ఊరుకుంటుందా అని కుర్రకారు గుంజాటన పడుతున్నారు. అందరికంటే పెద్ద ముసలిది దాలమ్మ కర్ర ఊతగా లేచింది.

"గంగమ్మ అడిగినాదేటిరా సీసా? మా మావ పెద్దరికం సేసినన్నాళ్ళూ కొబ్బరికాయే కొట్టీవోడు. మీరు మరిగీసి, అమ్మనడ్డెట్టుకుంతన్నారు. కాయ కొట్టండి బేగి, పొద్దెక్కిపోతన్నాది."

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. గంగులు కాయ కొట్టి, ఆ నీళ్ళే అల అంచున ఒంపాడు. అల వచ్చి తీసుకుపోయింది. సముద్రం మాత్రం ఎప్పట్లాగే ఉంది.

పడవలు కదిలాయి. ఒక పడవ చుట్టూ ఇరవై మంది చేరడం, ఐలేసా అని ఊపు అందుకోవడం, అది నీళ్ళలో పడగానే అందరూ పరిగెత్తుకొచ్చి పక్క పడవ పట్టుకోవడం. అరవై రోజుల తర్వాత ఆ కేక వినడం. మా పడవకి అటు పక్కది వెళ్ళింది, ఇటు పక్కది వెళ్ళింది. మా నీలం పడవ అక్కడే ఉంది. హరిబాబు, ముగ్గురు కళాసీలు దాని పక్కన నిలబడ్డారు. ముగ్గురూ పోతున్న పడవల వైపు చూస్తున్నారు, హరిబాబు ఇసుక వైపు చూస్తున్నాడు.

నేను వెళ్ళి పడవ వెనక అంచుకి భుజం ఆనించాను.

"నువ్వేటి సేస్తావమ్మా, నీ మెడతో?" అన్నాడు హరిబాబు.

"మెడతో తొయ్యనురా. సేతుల్తో తోస్తాను. పట్టు."

అవతలి పక్క గాజుల చప్పుడైంది. తులసి చీర కుచ్చిళ్ళు దోపుకుని చేతులు ఆనించింది. మేం ఆరుగురం. ఒకటి, రెండు, మూడు అని తోశాం. పడవ ఇసుకలో కిర్రుమంది. వేలెడు కూడా జరగలేదు. మళ్ళీ తోశాం. నా కాళ్ళు జారాయి గానీ పడవ జారలేదు. ఊరంతా వెనక నిలబడి చూస్తోందని నాకు తెలుస్తోంది. తిరిగి చూద్దామంటే మెడ తిరగదు. చూడకపోవడమే మంచిదనుకున్నాను.

ఇసుకలో అడుగులు వినిపించాయి. నా పక్కన ఒక చెయ్యి వచ్చింది. ముందు గాల్లో ఆగింది, తర్వాత నెమ్మదిగా ముందుకి జరిగి పసుప్పచ్చ గీత మీద ఆనింది. నల్లద్దాలు. శివాజీ.

"ఒరే శివాజీ, సెయ్యెయ్యకూడదురా," అన్నారెవరో వెనక నుంచి.

"ఆదోరం సీసా అమ్మినోళ్ళ పడవకి కదా," అన్నాడు వాడు, తల తిప్పకుండానే. "ఈయాల ఆదోరమే. పెద్దాయనెళ్ళి అడిగినా అమ్మనేదు. ఇంకేటి సూస్తన్నారు?"

నేను కళ్ళు మూసుకుని అంచుకి నుదురు ఆనించాను. మళ్ళీ అడుగులు. ఎన్ని జతలో తెలీదు. ఎవరో తువ్వాలు దులిపి నడుముకి కట్టుకున్న చప్పుడు, నా వెనకే దగ్గు. ఆ దగ్గు గంగులుది. ఐలేసా అని కేక లేచింది. నేను తోశాననుకోను, అంత బలం నాకెక్కడిది. కానీ నా చేతుల కింద పడవ తేలికైంది. తేలికై, జారి, నా చేతుల్లోంచి వెళ్ళిపోయింది. ముందుకి తూలి మోకాళ్ళ మీద నీళ్ళలో పడ్డాను.

కళ్ళు తెరిచేసరికి హరిబాబు ఇంజను తాడు లాగుతున్నాడు. శివాజీ పడవ ముక్కు దగ్గర, తన పాత చోట్లో కూర్చున్నాడు. మూడు అలలు దాటి పడవ నిలకడకి వచ్చింది. నేను అలాగే నీళ్ళలో కూర్చుని ఏడ్చాను. సంతోషానికే. ఎవరు చూసినా సిగ్గనిపించలేదు.

తులసి వచ్చి నా రెక్క పట్టుకుంది.

"లెగు అత్తా. తడిసిపోనావు. టీ ఎట్టినాను, సల్లారిపోతాది."

రెండు నెలల తర్వాత నాతో అన్న మాట అది. ఆ టీలో పంచదార ఎక్కువైంది. రెండు గ్లాసులు తాగాను.

ఆ మధ్యాహ్నం కిటికీ మూసి నిద్రపోయాను. ఆదివారం పగలు నిద్రపోయి ఎన్నేళ్ళయిందో. పేకాట అరుపులు లేవు, తలుపు కొట్టేవాడు లేడు. లేచేసరికి గుమ్మం పక్కన సంచీ లేదు. పెరట్లోకి పరిగెత్తాను. దండెం మీద చూస్తే హరిబాబు చొక్కాలు రెండూ, దుప్పటీ ఉతికి ఆరేసి ఉన్నాయి.

ఇప్పటికీ ఆరు రోజులు అమ్ముతున్నాను. మహా మారిపోయానని చెప్పుకోను. తులసి దానికీ మొహం ముడుచుకుంటుంది, కానీ పిలిచి బువ్వ పెడుతుంది. వేరే పనేదైనా చూసుకుందువు అత్తా అంటోంది. చూస్తున్నాను.

ఆ మర్నాడు సోమవారం తెల్లారగానే గంగులు మాత్రం కిటికీ తట్టాడు. "గంగమ్మకేనా?" అన్నాను. "నాకే," అన్నాడు. ఇచ్చాను.

ఆ పొద్దున ఆమదాలవలసలో పారాదీపు బండి ఎన్నింటికి ఆగిందో నాకు తెలీదు. ఆ వేళకి మా పడవ ఒడ్డుకి వస్తోందని కేక వినబడింది. పరుగున వెళ్ళేసరికి అప్పటికే అంచు పొడుగునా చేతులే. నాకు పట్టు దొరకలేదు. గంగులు కాస్త పక్కకి జరిగి చోటిచ్చాడు.